పెట్టె చిన్నది, దస్త్రం పెద్దది

ఈ ప్రత్యేక సంచికలో చరిత్రకు కేటాయించిన పుటలలో మన పాత రికార్డు గదులను గురించి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు నన్ను కోరారు. తుగ్గలి శాఖ గదికి వచ్చే సభ్యులేమో మూలన ఉన్న పాత కంప్యూటరు పెట్టెను చూసి, "ఇంత చిన్నదాంట్లో మూడు డిస్కులు ఎట్లా పట్టించినారు, ఎందుకు పట్టించినారు" అని తరచుగా అడుగుతుంటారు. ఈ రెండూ వేర్వేరు సంగతులని నేను అనుకోవడం లేదు. కావున కలిపే రాస్తున్నాను. యంత్రం మాట వచ్చినచోట పెద్దలు విసుగు పడవద్దని, ఇంట్లో చదువుకున్న మనవలు మనవరాళ్లు ఉంటే వారిచేత చదివించుకోవలసిందని మనవి.

1984 జనవరిలో రాష్ట్రమంతటా కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. అంతవరకు గ్రామ లెక్కలు కరణంగారి ఇంట్లోనే, చాలాచోట్ల దేవుడి గది పక్క కొయ్యపెట్టెలో ఉండేవి. అవన్నీ గోనెసంచులలో తాలూకా కచేరీలకు చేరాయి. మరుసటి సంవత్సరం, అంటే 1985లో, తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పత్తికొండ తాలూకాలో ఉన్న తుగ్గలి మండలమయింది. నేను అప్పుడు జూనియర్ అసిస్టెంటును. పత్తికొండ నుంచి వచ్చిన దస్త్రాలను పెట్టుకోవడానికి మాకు దొరికినది ఒకే ఒక గది. అడంగళ్లు, ఎఫ్.ఎం.బి.లు, సెటిల్మెంటు రిజిస్టర్లు, ఆర్.డిస్, డి.డిస్, ఎల్.డిస్ అని ఆయుష్షు రాసిన ఫైళ్ల కట్టలు అన్నీ అందులోనే. మన సీమలో పొలం పొలమూ కొలిచి కాగితం మీద పెట్టే పని సర్ థామస్ మన్రో దత్త మండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న 1800-1807 మధ్య పెద్ద ఎత్తున సాగింది. ఆయన చివరికి 1827 జూలై 6న మన పత్తికొండలోనే కలరాతో కన్నుమూశాడు. ఆయన మొదలుపెట్టిన కాగితం మాత్రం ఆగలేదు. పెరుగుతూనే వచ్చింది.

ఆ గదిలో నాకు పని నేర్పినది ఒక పాత రికార్డు కీపరు. ఆయన సూత్రాలు రెండే. గోడకూ ర్యాకుకూ మధ్య జానెడు జాగా వదలాలి. పై అరకూ కట్టకూ మధ్య బెత్తెడు జాగా వదలాలి. జాగా చాలక మేము ఆ సందులో కూడా కట్టలు దూర్చబోతే ఒప్పుకునేవాడు కాదు. "అది ఖాళీ కాదు సార్, గాలి ఉండే చోటు" అనేవాడు. గాలి లేనిచోట తేమ చేరుతుంది, తేమ చేరినచోట చెదలు చేరతాయి. ఈ మాట పాతికేళ్ల తరువాత ఒక ఇనుప పెట్టె ముందు కూర్చున్నప్పుడు నాకు మళ్లీ పనికి వచ్చింది. ఆ సంగతి వెనుక చెబుతాను.

కాగితం నుంచి కంప్యూటరుకు మారడం మన ప్రజలు మొదట కళ్లారా చూసినది రిజిస్ట్రారు కచేరీలలో అని నా అభిప్రాయం. 1998 నవంబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'కార్డ్' అనే పథకాన్ని రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో ప్రారంభించింది. అంతకు ముందు ప్రతి దస్తావేజునూ గుమాస్తాలు లావుపాటి పుస్తకాలలో చేత్తో నకలు ఎత్తేవారు. ఈ.సి. కావాలంటే ఏళ్ల తరబడి సూచికలు తిరగవేయాలి. కార్డ్ వచ్చాక నకలు ఎత్తడానికి బదులు పుటనే ఫోటో తీసినట్టు తీసి యంత్రంలో దాచారు. ఈనాటికీ ఈ.సి. యంత్రంలో 1983 నుంచి దొరుకుతున్నదంటే, వెనుకటి సూచికలను కూడా అంత దూరం ఎక్కించబట్టే.

పుటను అక్షరాలుగా దాచడం వేరు, బొమ్మగా దాచడం వేరు. ఇంగ్లీషు అక్షరం ఒకటి యంత్రంలో ఒక బైటు చోటు తీసుకుంటుంది. మన తెలుగు లిపిలో ఒక్కొక్క గుర్తుకు ఇప్పటి పద్ధతిలో మూడు బైట్లు కావాలి. (మన భాషకు జాగా ఎక్కువ కావాలన్నమాట. అది ఆశ్చర్యం కాదు, మనం మాట్లాడేదీ ఎక్కువే.) అయినా నిండా రాసిన ఒక పుట కొన్ని వేల బైట్లకు మించదు. అదే పుటను బొమ్మగా, చదవడానికి వీలైనంత స్పష్టంగా తీస్తే సుమారు పది లక్షల బైట్లు, అంటే ఒక మెగాబైటు అవుతుంది. నూరు పుటల సర్వీసు రిజిస్టరు నూరు మెగాబైట్లు. వెయ్యి మెగాబైట్లు ఒక గిగాబైటు. ఈ లెక్క గుర్తు పెట్టుకుంటే తరువాతి కథ తేలిక.

ఇక డిస్కు పుట్టుక. 1956లో ఐ.బి.ఎం. కంపెనీ ప్రపంచంలో మొదటి హార్డ్ డిస్కును అమ్మకానికి పెట్టింది. రెండడుగుల వెడల్పు పళ్లేలు యాభై, ఒకదానిపై ఒకటి పేర్చి తిప్పే యంత్రం. బరువు టన్నుకు పైన. అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. అంటే మన సర్వీసు రిజిస్టరులో అయిదు పుటలు స్కాన్ చేస్తే అది నిండిపోయేది. అప్పుడు డిస్కును పెట్టెలో ఎట్లా పెట్టాలన్న ప్రశ్నే లేదు, డిస్కుకే ఒక గది కావాలి. మన హైదరాబాదులో 1967లో వెలసిన ఇ.సి.ఐ.ఎల్. వారు చేసిన టి.డి.సి. కంప్యూటర్లు కూడా బీరువాల వరుసల్లాగే ఉండేవి.

మార్పు 1980లో వచ్చింది. అమెరికాలో సీగేట్ అనే కంపెనీ ఎస్.టి.-506 అనే డిస్కు చేసింది. అందులో పట్టేది అయిదు మెగాబైట్లే, కానీ దాని ఆకారం ముఖ్యం. ఆ రోజుల్లో చిన్న కంప్యూటర్లలో 5¼ అంగుళాల ఫ్లాపీ తిప్పే యంత్రం ఒకటి ఉండేది. కొత్త డిస్కును సరిగ్గా దాని కొలతలకే చేశారు. ఫ్లాపీ తీసి అదే అరలో డిస్కు పెట్టుకోవచ్చు, అవే మరచుట్లు. అప్పటి నుంచి నిన్నమొన్నటిదాకా కంప్యూటరు పెట్టెలోని అరల కొలతలు ఏనాడో వాడుక పోయిన ఫ్లాపీ కొలతలే. తాలూకాలు పోయినా జనం నోట తాలూకా మాట పోనట్టే ఇదీను.

టేపుతో కొలిచేవారికి ఇక్కడ ఒక తికమక ఉంది. 5¼ అన్నది అర వెడల్పు కాదు, ఫ్లాపీ వెడల్పు. అర వెడల్పు 146 మిల్లీమీటర్లు, అంటే 5¾ అంగుళాలు. అట్లాగే 1983లో స్కాట్లాండులోని రొడైమ్ కంపెనీ తెచ్చిన 3½ అంగుళాల డిస్కు నిజానికి నాలుగు అంగుళాలు, సుమారు 102 మిల్లీమీటర్ల వెడల్పు. పెద్ద అరలో చిన్న డిస్కు పెడితే ఇరువైపులా 22 మిల్లీమీటర్లు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని పట్టీలతో పూరించాలి. మా పెట్టె కథలో సగం ఈ 22 మిల్లీమీటర్ల కథే.

1981లో ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరు వచ్చినప్పుడు అందులో ఫ్లాపీలకు రెండు అరలు ఉండేవి. ఒక ఫ్లాపీ తీసి డిస్కు పెట్టుకుందామని చూసినవారికి జాగా దొరికింది గానీ కరెంటు చాలలేదు. దాని పవర్ సప్లై 63.5 వాట్లది. 1983లో పది మెగాబైట్ల డిస్కుతో ఎక్స్.టి. అనే నమూనా తెచ్చినప్పుడు దానిని 130 వాట్లకు పెంచవలసి వచ్చింది. డిస్కు తిరుగుతున్నప్పుడు తినేది తక్కువే. ఆగి ఉన్న పళ్లేన్ని మొదట తిప్పడానికే ఎక్కువ కావాలి. ఎడ్లబండి కదిలేదాకానే బరువు అని మన రైతులు ఎరిగినదే.

రెండు అరలూ ఫ్లాపీలతోనే నిండి ఉన్నవారి సంగతేమిటి? వారి కోసం 1985లో ప్లస్ డెవలప్‌మెంట్ అనే కంపెనీ చేసిన ఉపాయం నాకు మహా ఇష్టం. డిస్కును అరలో పెట్టే ఆలోచనే మానుకుని, ఒక అంగుళం మందానికి దాన్ని కుదించి, లోపల అదనపు కార్డులు గుచ్చే సందులో గుచ్చుకునేట్టు చేశారు. పేరు హార్డ్‌కార్డ్. పది మెగాబైట్లు. మరచుట్లు వద్దు, అర వద్దు. తలుపు లేని గదిలోకి కిటికీ గుండా వెళ్లడమంటే ఇదే. డబ్బు దండిగా ఉన్నవారు కొన్నారు. అరలు పెరిగి, డిస్కులు చిన్నవై, ధరలు పడిపోయాక ఆ వస్తువు కనుమరుగయింది.

ఆ తరువాత వచ్చిన ఐ.డి.ఇ. పద్ధతిలో ఒక వెడల్పాటి రిబ్బను తీగకు రెండు డిస్కులు తగిలించవచ్చు. ఒకటి మాస్టరు, ఒకటి స్లేవు. ఏది ఏదో చెప్పడానికి డిస్కు వెనుక పిన్నుల మీద చిన్న టోపీలాంటిది తొడగాలి. దానినే జంపరు అంటారు. (ఆ రెండు పేర్లు నాకు రుచించవు. అసలు ప్రమాణ గ్రంథంలో వాటిని 0, 1 అనే రాశారు. బజారులో మాత్రం యజమాని, బానిస అనే నిలిచిపోయాయి.) రిబ్బను పొడవు 18 అంగుళాలకు మించరాదు. కాబట్టి పై అరలో ఒకటి, కింది అరలో ఒకటి పెడితే తీగ అందదు. జాగా ఉన్నా పెట్టలేని స్థితి.

ఇంకొక ఇబ్బంది కంటికి కనబడదు. పాత యంత్రాలు డిస్కులోని గడులకు నంబర్లు వేసుకునే చోట అంకెలకు హద్దు ఉండేది. మన అడంగల్‌లో సర్వే నంబరు గడికి మూడు అంకెలకే చోటు ఉంటే 999 తరువాతి పొలం ఏమవుతుంది? అదే తంటా. ఒక కాలంలో 504 మెగాబైట్ల దగ్గర, తరువాత 8.4 గిగాబైట్ల దగ్గర, ఆ తరువాత 137 గిగాబైట్ల దగ్గర యంత్రాలు ఆగిపోయాయి. పెద్ద డిస్కు కొని పెట్టినా మిగతా భాగాన్ని అవి చూడలేకపోయేవి.

2003 ప్రాంతంలో సాటా అనే సన్న తీగ వచ్చాక ఒక డిస్కుకు ఒక తీగ అయింది. మీటరు పొడవు దాకా తీగ ఉండవచ్చు. జంపరు బాధ తీరింది. ఇంతవరకు లోక చరిత్ర.

ఇక మన గది చరిత్ర. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగిన సంగతి మరచినవారు లేరు. మంత్రాలయం, నది ఒడ్డున ఉన్న పల్లెలు కూడా నీళ్లలో నిలిచాయి. తుగ్గలి మెట్ట ప్రాంతం కనుక మాకు నీళ్లు రాలేదు. కానీ రిటైరయ్యాక కర్నూలులో ఇల్లు కట్టుకున్న మన సభ్యులు ఎందరో ఉన్నారు. వారి ట్రంకుపెట్టెలు, అందులోని పెన్షను కాగితాలు, సర్వీసు రిజిస్టరు నకళ్లు, ఇంటి దస్తావేజులు బురద ముద్దలయ్యాయి. ఒక సభ్యుడు తన పి.పి.ఓ.ను ఎండబెట్టి తీసుకువచ్చి చూపించాడు. ముద్ర నిలిచింది, సిరా పోయింది. ఆ నెల జరిగిన సమావేశంలో సభ్యుల కాగితాలన్నీ స్కాన్ చేసి కంప్యూటరులో దాచాలని తీర్మానించాము.

మాకున్న కంప్యూటరు ఒక సభ్యుని కుమారుడు బెంగుళూరులో వాడి, మాకు ఇచ్చినది. 2004 నాటిది. డిస్కు 40 గిగాబైట్లు. పైన చెప్పిన లెక్క ప్రకారం అందులో నాలుగు వందల సర్వీసు రిజిస్టర్లు పట్టాలి. కానీ యంత్రం నడవడానికి కావలసినవి తీసేస్తే అంత మిగలదు. 2010 వేసవికి నిండిపోయింది. మొదట నేను చేసినది రికార్డు గదిలో నేర్చిన పనే. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని ఏరివేత. ఒకే పుట రెండుసార్లు స్కాన్ చేసినవి, ఎవరో ఎక్కించిన సినిమా పాటలు, పెళ్లి ఫోటోలు తీసేస్తే కొంత జాగా దొరికింది. ఆరు నెలలకు అది కూడా అయిపోయింది. కొత్త కంప్యూటరుకు సంఘం దగ్గర డబ్బు లేదు. 500 గిగాబైట్ల డిస్కులు కొనడానికి మాత్రం చందాలు వచ్చాయి.

ఆదోని నుంచి కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడు ఒకడు వచ్చి మూత తీశాడు. పైన సి.డి. సైజు అరలు రెండు. ఒకదానిలో సి.డి. డ్రైవు, ఒకటి ఖాళీ. దాని కింద ఫ్లాపీ అర. అడుగున డిస్కు అర, అందులో పాత డిస్కు.

"ఏమప్పా, జాగా ఉందా?" అన్నాను.

"ఉంది సార్. ఫ్లాపీ ఎవురు వాడతారిప్పుడు? తీసేసి ఆడ్నే పెట్టేద్దాం" అన్నాడు.

పెట్టాడు. కొత్త డిస్కు పాత డిస్కు మీద కూర్చున్నట్టు, మధ్య వేలు కూడా దూరనంత దగ్గరగా వచ్చింది. డిస్కులో వేడిని కొలిచే ఏర్పాటు దానిలోనే ఉంటుంది, దాన్ని తెర మీద చూడవచ్చు. మామూలు డిస్కుకు తయారీదారులు రాసే హద్దు 55 నుంచి 60 డిగ్రీలు. మన ఏప్రిల్ మే నెలల్లో గదిలోనే 40 దాటుతుంది. ఒక పూట స్కాన్ పని జరిగేసరికి తెర మీద అంకె 50 దాటి ఇంకా పైకి పోతున్నది. నాకు ఆ పాత రికార్డు కీపరు మాట చెవిలో వినిపించినట్టయింది. ఖాళీ కాదు సార్, గాలి ఉండే చోటు.

ఆ మాట చెబితే కుర్రవాడు కాసేపు ఆలోచించి, "అట్లయితే పైన అరలో పెట్టల్ల సార్. కానీ అది వెడల్పు. పట్టీలు కావల్ల" అన్నాడు. ఆ పట్టీలు ఆదోనిలో ఆ రోజు దొరకలేదు. చెక్కముక్కలు పెడదామని ఒక సభ్యుడు సలహా ఇచ్చారు. నేను వద్దన్నాను. ఇనుము అయితే డిస్కు వేడిని పెట్టె రేకుకు చేరవేస్తుంది, చెక్క అయితే కంబళి కప్పినట్టు ఉంటుంది. గ్రిల్లులు చేసే షాపులో 'ఎల్' పట్టీ ముక్కలు రెండు 22 మిల్లీమీటర్ల లెక్కన కోయించి, చిల్లులు వేయించి తెచ్చాడు. మరచుట్లు కూడా పొట్టివే వాడాలని పట్టుబట్టాడు. పొడుగు మరచుట్టు లోపలికి దిగితే డిస్కుకు దెబ్బ అట. పని తెలిసిన పిల్లవాడు. ఫ్లాపీ అరను ఖాళీగా వదిలి, ముందు మూతి తెరిచి, నల్లరేగడి దుమ్ము పోకుండా సన్నని జల్లెడ బిగించాము. దాని వెనుక చిన్న ఫ్యాను. వేడి 45 దగ్గర నిలిచింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2007లో గూగుల్ వారు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఒక పత్రం ప్రచురించారు. మామూలు వేడికీ డిస్కులు చెడడానికీ మనం అనుకునేంత సంబంధం లేదని, మరీ ఎక్కువ వేడిలోనూ, మూడేళ్లు దాటిన డిస్కులలోనూ తేడా కనబడుతుందని తేల్చారు. కనుక వేడి అన్నది ఒక్కటే శత్రువు కాదు. అయితే వారి డిస్కులు ఉండేది చల్లగాలి మిషన్ల మధ్య. మా పాత డిస్కుకు అప్పటికే ఆరేళ్లు. మేము ఉండేది తుగ్గలిలో.

రెండవ కొత్త డిస్కు ఎక్కడ అన్నది అసలు ప్రశ్న. కుర్రవాడు దాన్ని కూడా లోపలే బిగించి, రాసినది ఒకేసారి రెండింటిలోనూ పడేట్టు చేస్తానన్నాడు. ఇది గొప్ప పద్ధతే. 1988లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఇటువంటి జోడింపులకు రెయిడ్ అని పేరు పెట్టి శాస్త్రం రాశారు. ఒక డిస్కు చెడినా పని ఆగదు. కానీ ఒకే పెట్టెలో రెండు నకళ్లు ఉంటే, పెట్టెకు నీళ్లు వచ్చినప్పుడు రెండూ మునుగుతాయి. పిడుగు పడి కరెంటు పొంగితే రెండూ కాలుతాయి. ఎవరైనా పొరపాటున ఒక ఫైలు చెరిపితే అదే క్షణంలో రెండింట్లోనూ చెరిగిపోతుంది. కర్నూలులో మునిగిన ట్రంకుపెట్టెలలో కూడా జిరాక్సు నకళ్లు ఉండినవి. అసలు పక్కనే ఉండినవి.

మన మండలంలోనే దీనికి రెండు వేల రెండు వందల ఏళ్లనాటి సాక్ష్యం ఉంది. జొన్నగిరి వైపు ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలు ఉన్నాయి. 1929 ప్రాంతంలో లోకానికి తెలిసాయి. చెక్కినవాడికి అక్కడ జాగా కుదిరినట్టు లేదు. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, ఎద్దు మడక తిప్పినట్టు సాగుతాయి. దొరికినచోటల్లా అక్షరాలు ఇరికించాడు. అదే శాసనం మరొక ప్రతి పత్తికొండ దగ్గరి రాజుల మందగిరిలో ఉంది. ఆ బండ బాగా చెడిపోయింది. అరిగిపోయిన అక్షరాలను పండితులు ఎర్రగుడి ప్రతిని పక్కన పెట్టుకుని చదివారు. రెండు ప్రతులూ ఒకే బండ మీద ఉండి ఉంటే రెండూ ఒకే వానకు అరిగేవి.

అందుచేత సి.డి. డ్రైవును తీయించి, ఆ అరలో బజారులో మొబైల్ రాక్ అని అమ్మే సొరుగు బిగించాము. డిస్కు ఆ సొరుగులో ఉంటుంది. యంత్రం ఆపి, తాళం తిప్పి లాగితే చేతికి వస్తుంది. అటువంటి డిస్కులు రెండు తెప్పించాము. ఒకటి సొరుగులో ఉంటే రెండవది ఆదోనిలో ఒక సభ్యుని ఇంట్లో ఇనుప బీరువాలో ఉంటుంది. నెలకు ఒకసారి మార్పిడి. పెట్టెలో కనబడేవి మూడు, లెక్కకు నాలుగు. జాగా చాలని పెట్టెకు మేము కనుగొన్న ఉపాయం ఇదే, ఒక డిస్కును ఎప్పుడూ బయట ఉంచడం.

2013 మే నెలలో లోపలి పెద్ద డిస్కు గోడ గడియారంలాగా టిక్కుటిక్కుమని శబ్దం చేయసాగింది. రెండవ రోజుకు యంత్రం దాన్ని గుర్తించడం మానేసింది. సరిగ్గా ఆ వారంలోనే ఎమ్మిగనూరు దగ్గరి పల్లె నుంచి మన దివంగత సభ్యుని భార్య, కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. భర్త పోయి రెండు నెలలు. ఫ్యామిలీ పెన్షనుకు పెట్టుకుంటే, ఆధారంలో ఆమె పేరు ఒక విధంగా, దాఖలా చేసిన కాగితంలో మరొక విధంగా ఉందని తిరిగి పంపారు. భర్త పి.పి.ఓ. ఇంట్లో చెదలు తినేశాయి. మూడేళ్ల కిందట ఆయన స్వయంగా తెచ్చి స్కాన్ చేయించుకున్నాడని ఆమెకు గుర్తు.

"కాగితం దొరుకుతుందా సారూ?" అని అడిగింది.

"దొరుకుతుందమ్మా, కూర్చో" అన్నాను గానీ, చెడిన డిస్కు బల్ల మీదనే ఉంది. సొరుగులోని డిస్కు తెరిచి వెదికితే ఆయన పేరుతో పదకొండు పుటలు వచ్చాయి. పి.పి.ఓ., సర్వీసు రిజిస్టరు మొదటి పుట, నామినేషను. నామినేషనులో ఆమె పేరు ఆయన చేతిరాతతోనే ఉంది. కోడలు చదివి వినిపిస్తుంటే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నకళ్లు తీసి, సంఘం తరఫున అర్జీ జతచేసి పంపాము. నాలుగు నెలలకు పెన్షను మంజూరయింది, బకాయితో సహా.

అయితే అంతా దక్కలేదు. నెలకు ఒకసారి నకలు కనుక, ఆ చివరి మూడు వారాలలో స్కాన్ చేసినవి పోయాయి. ముగ్గురు సభ్యుల కాగితాలు. ఇద్దరు మళ్లీ తెచ్చారు. మూడవవారు అసలు కాగితాన్ని అప్పటికే ఒక కార్యాలయంలో దాఖలు చేసి ఉన్నారు, అది మళ్లీ ఆయన చేతికి రాలేదు. ఆ తరువాత మార్పిడిని పక్షానికి ఒకసారి చేశాము.

ఆ పెట్టెను 2021లో పక్కన పెట్టాము. ఇప్పుడున్న కంప్యూటరు లావుపాటి రామాయణమంత ఉంటుంది. అందులోని డిస్కు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉన్న పలుచని బిళ్ల, తిరిగే పళ్లెమే లేదు. పాత డిస్కులు పెట్టడానికి అందులో అరలూ లేవు, పట్టీల పనీ లేదు. నకళ్ల డిస్కులను బయటి నుంచే తీగతో తగిలిస్తున్నాము. పక్షానికి ఒకటి ఆదోని వెళ్లడం, ఒకటి రావడం మాత్రం అట్లాగే సాగుతున్నది. గుడ్డసంచిలో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకుని తీసుకువెళ్లాలి, పై అటక మీద పెట్టరాదు.

వచ్చే రెండు మార్పిడుల వంతు జొన్నగిరి, పెండేకల్లు సభ్యులది. ఇంతవరకు తమ కాగితాలు స్కాన్ చేయించుకోనివారు పి.పి.ఓ., ఫ్యామిలీ పెన్షను నామినేషను, దంపతుల ఆధార్ కార్డులు తీసుకుని శనివారాలలో ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 1 గంట లోపు తుగ్గలి శాఖ గదికి రాగలరు. రాలేని పెద్దల తరఫున కుటుంబ సభ్యులు ఎవరు వచ్చినా సరే. కాగితాలు అక్కడికక్కడే తిరిగి ఇచ్చివేస్తాము.